ఆంగ్ల వాచకమున ఇంటిభాషకు తావు

పిల్లలకు ఆంగ్లమును ఏ తరగతినుండి నేర్పవలెనను వాదము ఈ దేశమున నూఱేండ్లకు పైగా సాగుచున్నది. ఎట్టి పుస్తకముతో నేర్పవలెనను ప్రశ్నకు అందులో నూఱవపాలు శ్రద్ధయైనను దక్కలేదు. మొదటి ప్రశ్న రాజకీయవేత్తలకును, న్యాయస్థానములకును, పత్రికలకును ప్రియమైనది. రెండవది ఒకటవ తరగతి ఉపాధ్యాయుని నెత్తిమీద వచ్చి పడినది. మొదటిదానికి ప్రభుత్వములు తమకు తోచిన సమాధానమును చెప్పివేసినవి. కావున భాషావేత్తలు రెండవదానిని ఇంక దాటవేయరాదు.

రాయపూరునే చూడుడు. 2020లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము స్వామి ఆత్మానంద పేరిట ఆంగ్లమాధ్యమ పాఠశాలలను ప్రారంభించెను. తొలియేట తెఱచినవి 52. వానిలో కొన్ని రాయపూరు నగరముననే వెలసినవి. ప్రభుత్వపాఠశాలలోనే ఆంగ్లమాధ్యమము లభించుటచే, బీదలైన తలిదండ్రులు ఎంతో ఆశతో పిల్లలను చేర్పించిరి. ఆ ఆశను తప్పుపట్టు హక్కు, తమ బిడ్డలను ఆంగ్లమాధ్యమముననే చదివించుకొన్న భాషాపండితులకు లేదు.

అట్టి బడిలో చేరు బిడ్డ ఇంట మాటాడునది ఎక్కువపాలు ఛత్తీస్‌గఢీ. 2011 జనగణనలో ఒక కోటి 62 లక్షలమంది తమ మాతృభాషగా చెప్పుకొన్న ఈ పలుకును లెక్కలలో హిందీక్రింద చేర్చినారు. 2007లో రాష్ట్ర రాజభాషగా గుర్తింపు వచ్చినను, ఆంగ్లపు తరగతిలో దాని స్థానము గుమ్మము వెలుపలనే. ఉపాధ్యాయుడు ఆంగ్లవాక్యమును చదివి హిందీలో అర్థము చెప్పును. ఆ పుస్తకపు హిందీ బిడ్డకు సగము తెలిసిన భాష. అనగా, బొత్తుగా తెలియనిదానిని సగము తెలిసినదానితో విప్పిచెప్పుట జరుగుచున్నది. విజయనగరమునుండి పార్వతీపురము, రాయగడ, టిట్లాగఢ్‌ల మీదుగా రాయపూరు చేరు రైలుదారి వెంట వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబముల పిల్లల సంగతి మఱింత చిక్కైనది. ఇంట తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, గురువు నోట హిందీ, పుస్తకమున ఆంగ్లము. ఆఱేండ్ల బిడ్డ నాలుగు భాషలను మోయగలడు. పిల్లల శక్తి అట్టిది. కాని ఆ నాలుగింటి నడుమ వంతెన వేయవలసినది పుస్తకము. పుస్తకము వేయనందున ఆ పనియు బిడ్డమీదనే పడుచున్నది. వంతెన వేసికొనలేని బిడ్డ పాఠమును అందఱితో గొంతు కలిపి వల్లించును. ఒంటిగా లేపి అడిగినచో నిలువున మూగయగును. ఆ మౌనమును మందబుద్ధిగా లెక్కించి బిడ్డను వెనుక బల్లకు పంపుట మన బడులలో అరుదు కాదు.

ఆంగ్లబోధనకును దేశభాషకును గల ఈ ముడి తెలుగువారికి క్రొత్త కాదు. 1906 ప్రాంతమున ఉత్తర సర్కారులకు పాఠశాలల పర్యవేక్షకుడుగా వచ్చిన జె. ఎ. యేట్సు, భాషను సజీవమైన వాడుకద్వారా నేర్పు నూతనపద్ధతిని ఎఱిగినవాడు. పుస్తకములలోని తెలుగు వేఱుగను, జనుల నోటనున్న తెలుగు వేఱుగను ఉండుట గమనించి, బడిలో వాడుకభాషను ఏల నేర్పరని విశాఖపట్టణమున కళాశాలాధ్యక్షుడైన పి. టి. శ్రీనివాసయ్యంగారిని అడిగెను. అయ్యంగారు గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తులను చూపెను. తరువాతి కథ పాఠకులకు చెప్పనక్కఱలేదు. సాహిత్యచరిత్రకారులు ఆ ఉద్యమమును కావ్యభాషను గూర్చిన కలహముగనే వర్ణింతురు. అది రాజుకొన్నది మాత్రము తరగతిగదిలో, పిల్లవాని వాచకము చుట్టును. బిడ్డ నోటనున్న పలుకును బడి ఏల వినదు అనునదే యేట్సు ప్రశ్న. ఆ ప్రశ్నను తెలుగువిషయమున అడిగి, ఆంగ్లవాచకమువిషయమున అడుగకుండుట విచిత్రము.

గిడుగువారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు. సవరబాలురకు చదువు చెప్పవలెనన్న తలంపుతో వారి భాషను నేర్చి, ఆ భాషలో పాఠములు వ్రాసి, బడులు నడిపిరి. ఆ కృషియే 1931లో సవరభాషా వ్యాకరణముగను, 1938లో నిఘంటువుగను ఫలించినది. రాయపూరునకు దక్షిణమున ఉన్న ధమ్తరిలోను అట్టి ఉపాధ్యాయుడొకడు ఉండెను. హీరాలాల్ కావ్యోపాధ్యాయుడు అచటి ఆంగ్ల-దేశభాషా పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడు. ఆయన 1885లో హిందీలో రచించిన ఛత్తీస్‌గఢీ వ్యాకరణమును గ్రియర్సను ఆంగ్లీకరించి 1890లో బెంగాలు ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ప్రకటించెను. ఇరువురును ఉపాధ్యాయులే; ఒకడు ఆంగ్లము చెప్పు బడికి పెద్ద. పిల్లల పలుకునకు వ్యాకరణము వ్రాయుట తన వృత్తిలోని భాగమని ధమ్తరి ప్రధానోపాధ్యాయునకు తోచినది. నేడు ఆంగ్లవాచకములు కూర్చు సంఘములలో ఆ తలంపు కానరాదు.

దాని ఫలితమెట్టిదో చిన్న ఉదాహరణములతో తెలియగలదు. ఆంగ్లవాచకములు తఱచుగా 'దిస్ ఈజ్ మై హౌస్' వంటి వాక్యముతో మొదలగును. ఇంతకంటె సులువైనది లేదని వాచకకర్తల విశ్వాసము. తెలుగుబిడ్డ 'ఇది మా ఇల్లు' అనును. అందు క్రియ లేదు. కావున 'ఈజ్' అను మాట ఎచటనుండి ఊడిపడెనో వానికి అంతుపట్టదు. 'దిస్ మై హౌస్' అనును. అది తప్పు కాదు, తెలుగు. ఛత్తీస్‌గఢీ బిడ్డ 'ఏ మోర్ ఘర్ ఆయ్' అనును. అందు 'ఆయ్' అను క్రియ కలదు. అదే బిడ్డ 'పిల్లవాడు ఇంట్లో ఉన్నాడు' అనుటకు 'లఇకా ఘర్ మ హే' అనును. అచట క్రియ 'హే'. అనగా ఇది ఫలానా అని చెప్పుటకొక క్రియ, ఫలానాచోట ఉన్నదని చెప్పుటకొక క్రియ. ఆంగ్లమున రెంటికిని ఒక్కటే. తెలుగున మొదటిదానికి క్రియయే లేదు, రెండవదానికి 'ఉన్నాడు' కలదు. కనుక తెలుగుబిడ్డకు 'పిల్లి చాపమీద ఉన్నది' అను తీరు వాక్యమును ముందు నేర్పి, అందలి 'ఈజ్'ను 'ఉన్నది'తో పరిచయము చేసి, పిమ్మట 'ఇది పిల్లి' అను తీరునకు రావలెను. ఛత్తీస్‌గఢీ బిడ్డకు ఏ వరుసయైనను చెల్లును. రెండు క్రియలు ఒక్కటియైనవని చెప్పిన చాలును. 1950, 1960 దశకములలో వాక్యనిర్మాణ పద్ధతి ఈ దేశమున వ్యాపించినప్పుడు పాఠములకు ఏర్పడిన వరుస, తేలికనుండి కష్టమునకు పోవునని ప్రసిద్ధి. ఎవరికి తేలిక అని అడిగినవారు తక్కువ.

స్త్రీపుంభేదము మఱియొకటి. 'హీ గోస్', 'షీ గోస్' అనుచోట ఆంగ్లము భేదమును సర్వనామమున చూపును, క్రియలో చూపదు. ఛత్తీస్‌గఢీలో 'ఓ హర్ జాథే' అన్నచో పోవువాడు కావచ్చును, పోవునది కావచ్చును. భేదము రెండుచోట్లను లేదు. హిందీలో సర్వనామమొక్కటే, క్రియ మాఱును: 'జాతా', 'జాతీ'. గురువు ఈ ఆంగ్లవాక్యములను హిందీలోనికి మార్చి చెప్పునప్పుడు, క్రియలో మార్పు లేని రెండు భాషల నడుమ మార్పు గల మూడవభాషను తెచ్చి నిలుపుచున్నాడు. 'గోస్' అను క్రియ విషయమున ఛత్తీస్‌గఢీ బిడ్డకు ఆంగ్లము హిందీకంటె దగ్గఱ. ఆ సామీప్యమును ఏ వాచకమును ఉపయోగించుకొనలేదన్న అత్యుక్తి కాదు. ఇక తెలుగుబిడ్డకు 'వెళ్తాడు', 'వెళ్తుంది' అను భేదము కలదు గాని, చనువైన పలుకుబడిలో చెల్లెలును 'అదే', ఆవును 'అదే', బల్లయు 'అదే'. అట్టి బిడ్డ చెల్లెలిని 'ఇట్' అనుట సహజము. తరగతి నవ్వును, గురువైనను నవ్వకుండుటకు అతనికి తెలుగుసంగతి తెలిసియుండవలెను.

సంఖ్యలవిషయము ద్రావిడభాషావేత్తలకు ఆసక్తి గొల్పును. తెలుగున ఇద్దఱు పిల్లలు, రెండు పుస్తకములు. ఛత్తీస్‌గఢీలో దూ ఝన్ లఇకా, దూ ఠన్ కితాబ్. మనుష్యులకొక లెక్క, వస్తువులకొక లెక్క. హిందీలోను ఆంగ్లమునందును ఈ భేదము లేదు. ఈ పోలిక ఎట్లు వచ్చినదో నిర్ణయించుట వేఱు పని. రాయపూరు వీధిలో కలిసి ఆడుకొను తెలుగుబిడ్డకును ఛత్తీస్‌గఢీ బిడ్డకును ఈ చోట ఆంగ్లము ఒక్కతీరుగనే వింతగా తోచునన్నది ఇచటి విషయము. బహువచనమున మరల దారులు చీలును. తెలుగుబిడ్డ 'రెండు' అన్న వెంటనే 'పుస్తకాలు' అని బహువచనము చేర్చును. ఛత్తీస్‌గఢీలో 'లఇకామన్' అను బహువచనరూపము ఉన్నను, సంఖ్య ముందుండగా సాధారణముగా దాని అవసరముండదు. కావున 'టూ బుక్' అనునది ఎవని నోట వచ్చునో, ఏల వచ్చునో ముందుగనే ఊహింపవచ్చును.

ధ్వనులను గూర్చి చాల చెప్పవచ్చును గాని, ఒకటి రెండు చాలును. తెలుగువారు ఆంగ్లపదము చివర అచ్చు చేర్తురు: బస్సు, పెన్ను, బుక్కు. ఛత్తీస్‌గఢీవారికి హల్లుతో ముగియు మాట కష్టము కాదు. వారి చిక్కు మొదటనే: 'ఇస్కూల్', 'టేసన్'. తెలుగుపల్లెలలో రెండు చిక్కులును కలిసి 'ఇస్కూలు', 'టేషను' అయినవి. ఛత్తీస్‌గఢీ పలుకుబడిలో శకారము సకారమగును గనుక 'షిప్'నకును 'సిప్'నకును భేదము చెవికి ముందు నేర్పవలెను. తెలుగుబిడ్డకు ఆ అభ్యాసము అంతగా అక్కఱలేదు. లిపివిషయమున తెలుగున కొక మేలు కలదు. పంక్తులసందున దేశలిపిలో ఆంగ్లోచ్చారణమును వ్రాసికొను అలవాటు ఎన్ని నిషేధములున్నను పోలేదు. వాడుకలోనున్న నాగరిలో 'గెట్'నకును 'గేట్'నకును ఒక్కటే వ్రాత. తెలుగున హ్రస్వ ఎకారము ఉండుటచే రెండును వేఱు. అయితే 'బ్యాట్' అని తెలుగున వ్రాయునప్పుడు లేని యకారము వచ్చి చేరును. ఆ అచ్చు తెలుగువారి నోట కలదు, కోస్తాజిల్లాల భూతకాల క్రియలలో వినబడుచునే యుండును. దానికి అక్షరమే లేదు. ఉపాధ్యాయుడు ఆ క్రియను బిడ్డచే పలికించి, 'ఆ అచ్చే ఇక్కడిది' అని చూపినచో అరనిమిషములో తేలిపోవు విషయమిది.

ఇంతవరకు చెప్పినది భాషాస్వరూపమును గూర్చి. పాఠ్యవస్తువు సంగతి అందఱును ఎఱిగినదే. చూడని మంచుయిండ్లు, ఎక్కని విహారనౌకలు అక్షరములప్రక్క బొమ్మలై నిలుచుట, వరిపంటయే జీవనాధారమైన నేలపై వానను పొమ్మని వేడు శిశుగేయమును వల్లించుట పలువురు పరిహసించియున్నారు. పరిహాసము సులభము. బదులుగా ఏమి పెట్టవలెనో చెప్పుట కొంత కష్టము. శ్రావణ అమావాస్యనాడు ఛత్తీస్‌గఢ్‌లో హరేలీ పండుగ. ఆనాడు పిల్లలు గేడీ యెక్కి నడుతురు. నిలువు వెదురుకఱ్ఱలకు అడుగు మోపుటకు మెట్టు కట్టిన ఆట అది. అప్, డౌన్, టాల్, వాక్, ఫాల్ అను మాటలకు ఇంతకంటె మంచి పాఠము లండనులో కూర్చున్నవారికి దొరకదు. భాద్రపద అమావాస్యనాటి పోలాపండుగకు మట్టియెద్దులు, మట్టిగిన్నెలు వచ్చును. ఇంటివస్తువుల పేర్లన్నియు ఆ బొమ్మలతో నేర్పవచ్చును. ఆంధ్రమున ఏరువాకయు, తెలంగాణమున బతుకమ్మయు ఇట్టివే. పండుగను వర్ణించు వ్యాసము వ్రాసి వాచకమున చేర్చుట మాత్రము దీని అర్థము కాదు. అట్టి వ్యాసములు ఇప్పటికే మితిమీరినవి. బిడ్డ చేతులతో చేయు పనిని ఆంగ్లపు మాటతో జోడించుటయే ఇచటి ఉద్దేశము.

బాసీ సంగతి ఒకటి కలదు. రాత్రి అన్నములో నీరు పోసి ఉదయము తినునది ఛత్తీస్‌గఢ్‌లో బాసీ, తెలుగునాట చద్దన్నము. ఆంగ్లవాచకమున బిడ్డ ఉదయము తినునది ఎల్లప్పుడును రొట్టె, గ్రుడ్డు. బాసీకి ఆంగ్లపదము లేదందురు. లేకున్నచో 'బాసీ' అనియే వ్రాయవచ్చును. పందికొక్కును 'బ్యాండికూట్'గా జీర్ణించుకొన్న భాషకు బాసీ అఱుగకపోదు.

మాటల ఎంపికకు ఒక పద్ధతి ఉండవలెను. 1920 దశకమున ఢాకాలో బోధనాకళాశాల నడిపిన మైకేల్ వెస్టు, బెంగాలీబాలురకై వాచకములు కూర్చుచు, ఒక పాఠమున క్రొత్తమాటలు కొన్ని మాత్రమే ఉండవలెననియు, అవి మరల మరల రావలెననియు నియమము పెట్టెను. 1953లో వెలువడిన ఆయన పదపట్టికలో సుమారు రెండువేల మాటలు కలవు. ఆ పట్టిక ఆంగ్లగ్రంథములలో మాటలు ఎంత తఱచుగా వచ్చునో లెక్కించినది. రాయపూరు బిడ్డ దినమున ఏ మాటలు ఎంత తఱచుగా పలుకునో లెక్కించు పట్టిక రెండవది కావలెను. రెండు పట్టికలు కలియుచోటనే మొదటి సంవత్సరపు వాచకము పుట్టవలెను. ఇట్టి పని తెలుగువారి చేతకానిది కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశపు తొలి సంపుటము, రైతుల నోటినుండి వ్యవసాయపదములను జిల్లావారీగా సేకరించినది. రైతులకు చేసిన సేవ పిల్లలకు జరుగలేదు.

తెలుగురాష్ట్రములలో జరిగిన ప్రయోగమును ఇచట తలపవలెను. 2019 నవంబరున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రాథమికతరగతులను ఆంగ్లమాధ్యమమునకు మార్చుచు ఉత్తరువు వెలువరించెను; 2020 ఏప్రిలున ఉన్నతన్యాయస్థానము దానిని కొట్టివేసెను. అయినను 2020-21నుండి ఒకప్రక్క ఆంగ్లము, ఎదుటిప్రక్క తెలుగు ముద్రించిన ద్విభాషాపుస్తకములు వచ్చినవి. 2022-23లో తెలంగాణమును అదే దారి పట్టినది. ఇవి గణితము, పరిసరవిజ్ఞానము మొదలగు విషయములకు ఉద్దేశింపబడినవి. తలిదండ్రులకును, ఆంగ్లమున తడబడు ఉపాధ్యాయులకును వీనివలన మేలు కలిగినదనుట న్యాయము. కాని ఎదుటి పుటలోని తెలుగు, ఆంగ్లపుటకు నీడ. దానిలో పారిభాషికపదములు కలవు, బిడ్డ పలుకు లేదు. రెండు పుటలును బిడ్డకు దూరముగనే ఉన్నచో వానిని ఎదురెదురుగా ముద్రించినంతమాత్రమున ఒకటి రెండవదానికి వంతెన కాదు.

ఆక్షేపణలు రెండు వినబడుచున్నవి. ఆంగ్లపు తరగతిలో ఇంటిభాష వినిపించినచో ఆంగ్లము అలవడదనునది మొదటిది. ఎన్. ఎస్. ప్రభువారు 1979నుండి 1984 వఱకు దక్షిణదేశపు పాఠశాలలలో నడిపిన బెంగుళూరు ప్రయోగము దీనికి కొంత సమాధానము చెప్పును. బిడ్డ మనస్సు అర్థముపై లగ్నమైనప్పుడే భాష పట్టుబడునని దాని ఆధారసూత్రము. బిడ్డ నోట ఇంటిమాట వచ్చినంతమాత్రమున అచట పాఠము చెడలేదు. అంతకుమించి, గురువు పాఠమంతయు ఇంటిభాషలో చెప్పవలెనని ఎవరును కోరుటలేదు. గురువునకు ఆ భాష తెలిసియుండవలెననియే కోరిక. రెండవ ఆక్షేపణ బలమైనది: ఒక రాష్ట్రమున ఇన్ని భాషలుండగా, ఛత్తీస్‌గఢీ, హల్బీ, గోండీ, కుడుఖ్, ఒడియా, తెలుగు, ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఆంగ్లవాచకము వ్రాయుట సాధ్యమా అని. సాధ్యము కాదు, అక్కఱయు లేదు. బిడ్డ చేతిపుస్తకము అందఱికిని ఒక్కటియే ఉండవచ్చును. భాషకొకటి చొప్పున ఉండవలసినది గురువు చేతిపుస్తకము. ప్రతి పాఠమునకును, ఈ వాక్యమున ఈ భాషాబిడ్డ ఎచట తడబడును, ఏ మాట ఇంటినుండి తెచ్చుకొనును, ఏ వరుస మార్చినచో మేలు అను వివరము అందు ఉండిన చాలును. పాఠమునకు రెండేసి పుటలు మించవు.

ఇందుకు కావలసిన సామగ్రి కొంత సిద్ధముగనే యున్నది. రాయపూరులోని రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ మండలి ఇటీవల ఛత్తీస్‌గఢీ, హల్బీ, గోండీ మొదలగు భాషలలో చిన్నపిల్లలకు పఠనసామగ్రిని సమకూర్చినది. 2020 జాతీయ విద్యావిధానము ఇంటిభాషకు ప్రాథమికదశలో పెద్దపీట వేసినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతమున సవర, కోయ, గోండి, కొండ, కువి, కోలామి మొదలగు భాషలలో తొలితరగతులకు వాచకములు వచ్చినవి. గిడుగువారు వేసిన దారికి అది ఆలస్యముగా వచ్చిన కొనసాగింపు. లోపించినది భాషాశాఖల పాలు. ఆంగ్లశాఖలకు దేశభాషల లోతు తెలియదు. దేశభాషాశాఖలకు ఆంగ్లవాచకము తమ పని కాదను అభిప్రాయము. ప్రబంధములలోని వర్ణనలపై మఱియొక సిద్ధాంతవ్యాసమునకు బదులు, రాయపూరు రైల్వేవాడలలో తెలుగుపిల్లల పలుకును ఒక సంవత్సరము సేకరించి, ఆంగ్లవాచకపు మొదటి ఇరువది పాఠములతో సరిపోల్చు పరిశోధన ఒక్కటి ఏ తెలుగుశాఖయైనను చేపట్టవచ్చును. అట్టి పరిశోధకునకు ఛత్తీస్‌గఢీ తెలిసిన తోడు కావలెను. 1964లో నెలకొన్న పండిత రవిశంకర్ శుక్ల విశ్వవిద్యాలయము ఆ నగరముననే కలదు. సేకరణకు కావలసినది ఒక ధ్వనిముద్రణయంత్రము, రెండు నోటుపుస్తకములు, పిల్లలు ఆడుకొనుచోట కదలక కూర్చుండు ఓర్పు. ఆ పిల్లల తెలుగు ఇంకొక తరమునకు రాయపూరులో వినబడునో లేదో చెప్పుట కష్టము గనుక, ఆ సేకరణ ఆంగ్లవాచకమునకు వలెనే తెలుగుభాషాచరిత్రకును ఆధారమగును.